జనవరిలో నలభై ఒక్క డిగ్రీలు

ప్రింటర్లోంచి వచ్చిన కాగితం వెచ్చగా ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే దాన్ని చదవకుండానే రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు కాచుకున్నాను. స్వెటరు మీద శాలువా, కాళ్లకు మేజోళ్లు, ఉదయం తొమ్మిదైనా విడవని పొగమంచు. చేతులు కాస్త వెచ్చబడ్డాక కాగితం వైపు చూశాను. అడుగున ఎడమ మూల, కంప్యూటర్ తెర మీద వాతావరణం చూపించే చోట, ఒక చిన్న సూర్యుడి బొమ్మ. పక్కన 41°.

కాగితం మీద వేసిన నెల నవంబరు. నవంబరులో జంషెడ్‌పూర్‌లో నలభై ఒక్క డిగ్రీలు కొలిమి పక్కన తప్ప ఎక్కడా ఉండవు.  

ఈమధ్యే ఉద్యోగాల్లో చేరిన చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఈ సంగతి చెప్పాలని పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. పదవీ విరమణ చేసినవాళ్లు రాసే జ్ఞాపకాలు ఇలాగే మొదలవుతాయి కదా. నేనూ చేసినదాన్నే, ముప్పై మూడేళ్లకే. ఉద్యోగ జీవితం మొత్తం ఎనిమిది నెలలు.

మాది జంషెడ్‌పూర్‌లోనే గోల్‌మురిలో ఒక కాంట్రాక్టరు ఆఫీసు. ఊరి బయట ఉన్న ఒక ఫ్యాక్టరీకి ఎత్తు మీద పనిచేసేవాళ్లను పంపేవాళ్లం. షెడ్ల మీద రేకులు మార్చేవాళ్లు, పైపులు బిగించేవాళ్లు, రంగులేసేవాళ్లు. ఫ్యాక్టరీ గేటు దాటాలంటే పాసు కావాలి. పాసు కావాలంటే కంప్యూటర్లో నలభై నిమిషాల భద్రతా వీడియో చూసి, ఇరవై ప్రశ్నల పరీక్ష రాయాలి. చివర ఒక పేజీ వస్తుంది. పేరు, తేదీ, మార్కులు, ఆకుపచ్చ టిక్కు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దరఖాస్తుకు జతచెయ్యాలి. తెర మొత్తం కనిపించాలి, కింద గడియారంతో సహా. కత్తిరించినవి చెల్లవు. మోసం జరగకుండా ఉండటానికి ఆ నిబంధన పెట్టారట.

స్క్రీన్‌షాట్ అంటే మా ఆఫీసులో మామూలు విషయం కాదు, మతం. దానికి పూజారి ఫైళ్లు చూసే పెద్దాయన. శ్రీకాకుళం నుంచి వాళ్ల తాతల కాలంలో వచ్చిన కుటుంబం. నేను బాబాయ్ గారు అనేదాన్ని. ఆయన తెర మీద కనిపించిన ప్రతిదాన్నీ ప్రింట్ స్క్రీన్ కీ నొక్కి పట్టేవారు. దాన్ని వర్డ్‌లో అతికించి, ప్రింటు తీసి, దాని మీద రబ్బరు స్టాంపు కొట్టి, స్కాన్ చేసి, ఆ స్కాన్ తెర మీద తెరిచి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసేవారు. ఒకసారి ఇంటర్నెట్ పోతే, పోయిందని చూపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు పంపబోయారు. అది వెళ్లలేదు. వెళ్లలేదని చెప్పే పేజీని కూడా తీశారు.

"మడిసి మాట తప్పుతాడమ్మా, స్క్రీన్‌సాట్ తప్పదు" అని నాకు మొదటిరోజే ఉపదేశం.

మే నెలలో చేరాను. మొదటి వారం ఒక పనివాణ్ణి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నిజంగానే వీడియో మొత్తం చూపించాను, నిజంగానే పరీక్ష రాయించాను. పదహారు మార్కులు వచ్చాయి. స్క్రీన్‌షాట్ తీశాను. రెండో అతన్ని కూర్చోబెట్టేసరికి ఫ్యాక్టరీ వాళ్ల వెబ్‌సైట్ నిలిచిపోయింది. మర్నాడు పొద్దున్నే పన్నెండు మంది గేటు లోపల ఉండాలి. మా యజమాని, అందరం సార్ అని పిలిచే మనిషి, నా భుజం మీదుగా వంగి చూశాడు.

"ఒకటుంది కదా? నామ్ బదల్ దో" అన్నాడు. పేరు మార్చెయ్యి, అంతే.

మార్చాను. కంప్యూటర్లో బొమ్మలు గీసే పెయింట్‌లో పాత పేరు మీద తెల్లని పెట్టె గీసి, కొత్త పేరు అదే అక్షరాల్లో వేశాను. తేదీ మార్చాను. కింద కుడి మూల గడియారం కూడా మార్చాను. డిగ్రీ చదివినదాన్ని, ఆ మాత్రం తెలివి ఉంది. అందరికీ పదహారు మార్కులొస్తే అనుమానం వస్తుందని సార్ చెప్పాడు కాబట్టి మార్కులూ మార్చాను. క్రమంగా ఎవరెవరికి ఎన్ని వెయ్యాలన్నది నా ఇష్టమైపోయింది. గుట్కా నములుతూ వచ్చినవాడికి పదిహేను. శుభ్రంగా తల దువ్వుకొచ్చినవాడికి పదిహేడు. యూనివర్సిటీ పెట్టినా ఇంత శ్రద్ధగా దిద్దేదాన్ని కాదేమో. అతుకు కనపడకుండా పేరు మార్చడంలో నాకు సాటి లేరని బాబాయ్ గారు నలుగురిలో పొగిడితే సిగ్గుపడి నవ్వాను కూడా. నిజంగా పరీక్ష రాసిన ఆ మొదటివాడు పది రోజులకే పని మానేసి ఊరు వెళ్లిపోయాడు. అంటే మా కంపెనీలో శిక్షణ పొందిన ఒకే ఒక్క మనిషి మా కంపెనీలో లేడు.

వెబ్‌సైట్ రెండు రోజుల్లో బాగుపడింది. మేము బాగుపడలేదు.

ఇక ఆ జనవరి ఉదయం. అంతకు రెండు రోజుల ముందు మావాడొకతను షెడ్డు రేకు మీంచి జారి కింద పడ్డాడు. యాభై దాటిన మనిషి, గోల్‌మురి తెలుగువాడు. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఎత్తు మీద కట్టుకునే బెల్టుకు రెండు కొక్కేలుంటాయి. పక్కకు జరిగేటప్పుడు ఒకటి తగిలించాకే రెండోది తియ్యాలి. ఆయన రెండూ ఒకేసారి తీశాడు. ఆ రోజు పదకొండు గంటలకు ఫ్యాక్టరీలో విచారణ. ఆయన శిక్షణ కాగితం ప్రింటు తియ్యమన్నాడు సార్. నేను చేతులు కాచుకున్నది ఆ కాగితంతోనే.

బాబాయ్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"ఏటమ్మా, పేరు తప్పడ్డాదా?"

"కింద చూడండి బాబాయ్ గారూ. ఎడమ పక్క."

కళ్లజోడు సర్దుకుని చూశారు. "నలబై ఒకటి. ఏటిది, ఆడి వయసా?"

ఇద్దరం ఫైలు తెరిచాం. ముప్పై ఆరు కాగితాలు. సుబర్ణరేఖ నది ఒడ్డు దాటి పారిన ఆగస్టులో నలభై ఒకటి, ఎండ. దుర్గా పూజ పందిళ్లు వానకు తడిసి కూలిన వారంలో నలభై ఒకటి, ఎండ. డిసెంబరు చివర్లో, సోనారి విమానాశ్రయంలో విమానం దిగలేనంత మంచు పట్టిన రోజు కూడా నలభై ఒకటి, ఎండ. ఎనిమిది నెలలుగా మా ఫైల్లో సూర్యుడు అస్తమించలేదు. కుడి మూల గడియారాన్ని అంత జాగ్రత్తగా మార్చినదాన్ని, ఎడమ మూల ఒక్కసారీ చూడలేదు. ప్రతి కాగితం మీదా ఫ్యాక్టరీ భద్రతాధికారి గుండ్రటి ముద్ర, 'సరిచూడబడినది' అని, సంతకంతో సహా. ఆయనా చూడలేదు.

సార్‌కు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నలభై ఒకటిని పద్నాలుగు చెయ్యి. అంకెలు తిరగెయ్యడమే కదా" అన్నాడు.

"అసలు కాపీ ఫ్యాక్టరీలోనే ఉంది సార్, నవంబరు నుంచీ."

"అయితే ఎవరూ అడగరు. అడిగితే నేను చూసుకుంటాను. నువ్వు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చో, చాలు."

మా ఆయనకు ఫోన్ చేశాను. టాటానగర్ స్టేషన్లో డ్యూటీలో ఉన్నారు, వెనక ఏదో రైలు అనౌన్సుమెంటు. అంతా విని, "నోర్మూసుకోమని నాను అనను గానీ" అన్నారు, అనౌన్సుమెంటు అయ్యాక, "నోర్మూసుకో" అన్నారు. నాకు పోలీసులు కనిపించారు, జైలు కనిపించింది, స్కూలు గేటు దగ్గర నా కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు పిల్లలు కనిపించారు. నేను మామూలు రోజుల్లోనే గ్యాసు కట్టేశానో లేదో చూడటానికి కద్మాలో ఇంటి దాకా వెనక్కి వెళ్లే మనిషిని.

ఫ్యాక్టరీలో విచారణ గది బయట బల్ల మీద రేకు మీంచి పడ్డాయన కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు, మెడకు వేలాడే పట్టీ. నన్ను చూసి లేవబోయాడు. వద్దని పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నాకు పద్దెనిమిది మార్కులొచ్చినాయంట కదా. ఇరవైకి!" గొంతు తగ్గించి అన్నాడు. "నిన్న సారు సెప్పినాడు. సిన్నప్పుడు బళ్లో కూడా అన్ని రానేదు."

ఆ పద్దెనిమిది నేనే వేశాను. పదిహేడు వేసి, ఆ రోజు ఆయన దండం పెట్టాడని ఒకటి కలిపాను.

"మరొక మాట సెప్తాను, ఎవులికీ అనకు" అన్నాడు. "నాకా పరీచ్చ రాసినట్టే గుర్తు నేదు. ఎంత తలసుకున్నా రాదు. ఈడియో సూసినట్టు కూడా గుర్తు నేదు. పడ్డప్పుడు తలకి తగిలిందేమో. డాట్రు బాగానే ఉన్నాదన్నాడు. మరి ఇంత పెద్దది ఎలా మర్సిపోతాను? మా ఇంటిదానికి కూడా సెప్పనేదు, బెంగెట్టుకుంటాదని. లోపల ఇలాటి మాటలేటీ అనను. తల పాడైనోణ్ణి మరి పైకెక్కనివ్వరు."

 ఆయన తన తలను అనుమానించాడు గానీ నా కాగితాన్ని అనుమానించలేదు.

లోపల భద్రతాధికారి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. కాళ్ల దగ్గర కరెంటు హీటరు. మా సార్ ఆయనకు ఎదురుగా, నేను లాప్‌టాప్‌తో పక్కన, చెయ్యి విరిగిన మనిషి తలుపు దగ్గర నిలబడి. మాటలన్నీ హిందీలోనే. అధికారి కాగితం తీసి పైనుంచి చదివాడు. పేరు. తేదీ. పద్దెనిమిది బై ఇరవై.

"ఏడో ప్రశ్న రెండు కొక్కేల గురించే. అది తప్పితే ఈ ఆకుపచ్చ టిక్కే రాదు. అంటే తెలుసు. తెలిసీ తీశావు." కలం మూత తీశాడు. "తెలిసి చేసిన ఉల్లంఘన. పాసు శాశ్వతంగా రద్దు. మిగతా ఫ్యాక్టరీలకు కూడా పేరు పంపిస్తాం. ఏమైనా చెప్పుకుంటావా?"

ఆయన కట్టు చేతిని రెండో చేత్తో పట్టుకుని, "లిఖా హై తో సహీ హీ హోగా, సాబ్" అన్నాడు. రాసుందంటే నిజమే అయ్యుంటుంది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చిందనుకోకండి. రాలేదు. చెప్పకపోతే ఇంటికెళ్లి అన్నం తినలేనని భయమేసింది, అంతే. ఒక భయం రెండో భయం కంటే పెద్దదైంది.

"సార్, ఆ కాగితం కింద ఎడమ మూల చూడండి" అన్నాను.

అధికారి చూశాడు. మా సార్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అది లాప్‌టాప్ వేడి సార్. పాతది, వేడెక్కుతుంది."

అధికారి తలూపాడు. "మా ఇంట్లోదీ అంతే" అన్నాడు. నా కళ్లముందే నోట్సులో 'కంప్యూటర్ ఉష్ణోగ్రత 41' అని రాసుకున్నాడు. పక్కన సూర్యుడి బొమ్మ ఎందుకుందో ఆయన అడగలేదు. ఎనిమిది నెలలు మేము పట్టుబడకపోవడానికి నా పనితనం కారణమని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అదీ పోయింది.

ఇక చేసేది లేక లాప్‌టాప్ తెరిచాను. "సార్, మీ పేరు పూర్తిగా ఎలా రాస్తారు?"

ఏదో ఫారం అనుకుని అధికారి చెప్పాడు. పాత స్క్రీన్‌షాట్ పెయింట్‌లో తెరిచి, తెల్లని పెట్టె గీసి, ఆయన పేరు వేశాను. ఆ రోజు తేదీ వేశాను. గడియారం సరిచేశాను. పెద్దవారు కాబట్టి ఇరవైకి ఇరవై వేశాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. మా సార్ బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. లాప్‌టాప్ అధికారి వైపు తిప్పాను.

"మీరూ పాసయ్యారు సార్. రేపటినుంచి రేకులెక్కొచ్చు."

ఆయన తెర మీదికి వంగి తన పేరూ మార్కులూ చదువుకున్నాడు. తర్వాత అధికారి నెమ్మదిగా అడిగాడు, "ఇలాంటివి ఎన్ని?"

"ముప్పై ఆరులో ముప్పై ఐదు. అన్నీ నేనే చేశాను. ఈయన వీడియో చూడలేదు, పరీక్ష రాయలేదు. ఈయనకు ఏమీ తెలియదు."

కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖంలో వచ్చింది కోపం కాదు, లెక్క. ముప్పై ఐదు కాగితాలు, ముప్పై ఐదు గుండ్రటి ముద్రలు, ముప్పై ఐదు సంతకాలు. ఆయనవే. కలం మూత పెట్టి, మళ్లీ తీసి, తాను రాసింది కొట్టేశాడు. నివేదికలో చివరకు ఏముందో తర్వాత బాబాయ్ గారు చెబితే తెలిసింది. 'రికార్డులలో సాంకేతిక వ్యత్యాసం గమనించబడినది. గాయపడిన వ్యక్తికి తగిన శిక్షణ అందలేదు.' ముప్పై ఐదు మందికీ ఫ్యాక్టరీలోనే ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ శిక్షణ ఇవ్వాలని రాశారు, ఇచ్చారు కూడా. చెయ్యి విరిగినాయన పాసు రద్దు కాలేదు. అబద్ధం అన్న మాట ఆ నివేదికలో ఎక్కడా లేదు. ఆ సాంకేతిక వ్యత్యాసం నేనే కాబట్టి, నన్ను మాత్రం తీసేశారు.

ఆ రోజు గది బయటికొచ్చాక చెయ్యి విరిగినాయన నా వెనకే వచ్చాడు.

"అయితే నాను ఫెయిలా అమ్మా?"

"మీరసలు పరీక్షే రాయలేదండీ. నేనే రాసి పెట్టాను."

మంచి చేత్తో తల తడుముకున్నాడు. "అయితే తల బాగానే ఉన్నాదన్నమాట" అన్నాడు. ముఖం తేటపడింది. నాకూ ప్రాణం కుదుటపడింది, ఇక క్షమించేస్తాడనుకున్నాను. కథల్లో అలాగే జరుగుతుంది. ఆయన రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ ఈడియోలో రెండు కొక్కేల సంగతి ఉన్నాదా?"

"ఉంది."

"ఎంతసేపుంటాది?"

"ఒక నిమిషం ఉంటుందేమో."

 కట్టు వైపు ఒకసారి చూసుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రానికి నా ఫోనుకు సార్ దగ్గరినుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. నేను పంపని మెయిలులో నేను రాయని రాజీనామా. 'పిల్లల సంరక్షణ కోసం ఉద్యోగం మానుకుంటున్నాను.' కింద నా సంతకం, చుట్టూ తెల్లని పెట్టె అంచు కాస్త కనిపిస్తూ. బాబాయ్ గారి చేతిపని అని చూడగానే పోల్చాను. అతుకు దాచడం ఆయనకు నేను ఇంకా పూర్తిగా నేర్పలేదు. కానీ ఎడమ మూల చూశాను. 17°, మంచు. ఆ ఒక్కటీ నేర్చుకున్నారు.

ఆయనకే ఫోన్ చేశాను.

"ఏటి సెయ్యమంటావమ్మా" అన్నారు. "సారు కూకోబెట్టి సేయించినాడు. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసున్నాది." తర్వాత, నన్ను ఊరడించాలని కాబోలు, "కాయితంలో మంచి కారణమే ఏసినాం కదా. పిల్లలకోసమని" అన్నారు.

మా ఆయన ఇంటికొచ్చి ఆ స్క్రీన్‌షాట్ రెండుసార్లు చూశారు. టీ పెట్టి నాకు ఇచ్చారు. పెళ్లయ్యాక ఆయన పెట్టిన మొదటి టీ. పంచదార వెయ్యడం మర్చిపోయారు.

మర్నాటి పొద్దున నేను స్వెటరు తొడుక్కోకుండా, బ్యాగు సర్దుకోకుండా వంటింట్లో నిలబడి ఉంటే ఎనిమిదేళ్ల మా పాప కనిపెట్టేసింది. తమ్ముడికి జోడు తొడుగుతూ, "మమ్మీ, ఆజ్ ఆఫీస్ నహీ?" అంది. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

ఆఫీసుకు సెలవులని చెబుదామని రాత్రే అనుకున్నాను. నోటి చివరిదాకా వచ్చింది కూడా. పిల్లలకు ఏ మాట చెబితే ఏ బెంగ పట్టుకుంటుందో అని అన్నీ అలా చుట్టి చెప్పడం నాకు అలవాటే.

"లేదమ్మా. ఇక లేదు, తీసేశారు" అన్నాను.

"క్యోఁ? గల్తీ కియా?" అంది. ఎందుకు, తప్పు చేశావా అని.

"చేశాను."

మా బాబు జోడు వదిలేసి నావైపు చూశాడు. అమ్మలు కూడా తప్పు చేస్తారని వాడికి అదే మొదటిసారి తెలిసినట్టుంది.

నేను వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాను. "ఒక తాతగారు ఎత్తు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. పడకుండా ఎలా ఉండాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పామని కాగితం మీద రాసింది మాత్రం నేనే."